గేట్లు లేని నది

మండీ దాటి, పండో జలాశయం పక్కగా సాగే రహదారి ఔట్ సొరంగం దగ్గర రెండుగా చీలుతుంది. మనాలీకి వెళ్ళేవాళ్ళందరూ సొరంగంలోకి దూరిపోతారు. పక్కకు తిరిగితే లార్జీ వస్తుంది. బియాస్, సైంజ్, తీర్థన్ అనే మూడు నదులు కలిసేది అక్కడే. మొదటి రెండింటి మీదా జలవిద్యుత్ ప్రాజెక్టులున్నాయి, మూడోదాని మీద లేవు. ఆ మూడో నదిలో ట్రౌట్ చేపలు పట్టడానికి అక్టోబరు మొదటి వారంలో ఆరుగురం ఢిల్లీ నుంచి బయలుదేరాం.

గాలం అనే మాటను మన పత్రికల్లో రాజకీయాల పేజీలోనే ఎక్కువగా వాడుతుంటాం. అసమ్మతి ఎమ్మెల్యేలకు గాలం, పక్క పార్టీ నేతలకు గాలం. ఇరవై ఏళ్ళ వృత్తిలో ఆ శీర్షిక ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. అసలైన గాలం మాత్రం చిన్నప్పుడు కృష్ణా డెల్టాలోని మా ఊరి కాలువ గట్టున పట్టుకోవడమే. వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. బెండు మునిగితే లాగడం. అంతకుమించి నాకు తెలిసిన విద్య లేదు.

మా బృందానికి పెద్ద, విద్యుత్ శాఖలో ఉన్నత హోదాలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి. ముప్పై ఏళ్ళుగా హిమాలయ నదుల్లో ఫ్లై ఫిషింగ్ చేస్తున్నారు. ఆయన భార్య ఆయనకన్నా బాగా లైను విసురుతారని అందరూ ఒప్పుకుంటారు, ఆయన తప్ప. వారితోపాటు సుప్రీంకోర్టు న్యాయవాది ఒకరు, చరిత్ర ప్రొఫెసర్ ఒకరు, నేనూ, నా సాటి విలేకరీ. రాత్రంతా ప్రయాణం. తెల్లవారుజామున పండో దాటాక కారులో అందరూ కిటికీల్లోంచి నదిని చూస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టి కాదు. పండోకూ ఔట్‌కూ నడుమ తలౌట్ అనే ఊరుంది. దాన్ని చూడటం నాకు ఇష్టం లేకపోయింది.

తెలుగువారిలో చాలామందికి ఆ ఊరి పేరు గుర్తుండకపోవచ్చు, జరిగింది మాత్రం గుర్తుంటుంది. 2014 జూన్ 8, ఆదివారం సాయంత్రం. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు అక్కడ ఆగి, బియాస్‌లోని బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి గాలించారు.

అదే సాయంత్రం గుంటూరు దగ్గర చంద్రబాబు నాయుడు నవ్యాంధ్ర ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. తెలంగాణ ఏర్పడి అప్పటికి ఆరు రోజులు. కేంద్రంలో కొత్త ప్రభుత్వం వచ్చి రెండు వారాలైనా కాలేదు. మర్నాడు పార్లమెంటు ఉభయసభల నుద్దేశించి రాష్ట్రపతి ప్రసంగం. ఢిల్లీలో నా బల్ల మీద మంత్రుల జాబితా, కులాల లెక్క, జిల్లాల లెక్క. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది: 'హిమాచల్‌లో మన పిల్లలెవరో నదిలో గల్లంతయ్యారట, మీరేమైనా చూస్తారా?' నేను చెప్పిన సమాధానం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'అది రాష్ట్రాల వాళ్ళకివ్వండి, నేను కేబినెట్ మీద ఉన్నాను' అన్నాను. వృత్తిరీత్యా అది తప్పు కాదు. ఎవరి పని వారిది. కానీ ఆ తర్వాత ఎన్నికల గురించి, పొత్తుల గురించి, ఫిరాయింపుల గురించి వందల వ్యాసాలు రాసిన నేను లార్జీ గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఈ వ్యాసం మొదలుపెట్టేటప్పుడు చేపల గురించే రాద్దామనుకున్నాను. అలా కుదరలేదు.

తీర్థన్ లోయ ఇరుకైనది. బంజార్ దాటి గుశైణీ వైపు వెళ్ళేకొద్దీ రోడ్డూ నదీ పక్కపక్కనే నడుస్తాయి. దేవదారులు, ఆపిల్ తోటలు, పలకరాళ్ళ కప్పులున్న ఇళ్ళు. ఈ ప్రాంతపు పెద్ద దేవుడు శృంగ ఋషి. మన ఋష్యశృంగుడే. దశరథుడి చేత పుత్రకామేష్టి చేయించినాయన ఇక్కడ పల్లకీ ఎక్కి ఊళ్ళు తిరుగుతాడని తెలిసినప్పుడు ఈ దేశం ఎంత పెద్దదో, ఎంత చిన్నదో రెండూ ఒకేసారి తెలిసినట్లయింది. నది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు లోపల, మంచు కొండల్లో పుడుతుంది. ఆ పార్కును యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 2014 జూన్‌లోనే. బియాస్‌లో మన పిల్లల కోసం గాలింపు సాగుతున్న రోజుల్లోనే దోహా సమావేశంలో ఆ నిర్ణయం జరిగింది.

మత్స్యశాఖ అనుమతి పత్రాలు తీసుకున్నాం. నవంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట నిషిద్ధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఏప్రిల్ ముగిసేసరికి మంచు కరిగిన నీళ్ళు, ఆ తర్వాత వానలు నదిని బురదగా మారుస్తాయి. అందుకే సెప్టెంబరు నెలాఖరు నుంచి అక్టోబరు దాకా ఉన్న కొద్ది వారాలు వేటగాళ్ళకు పండుగ. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే మూడడుగుల లోతున గులకరాయి మీద గీతలు కనిపిస్తున్నాయి. మనకు రాయి కనిపిస్తున్నదంటే చేపకు మనమూ కనిపిస్తామన్నది మొదటి పాఠం.

పాఠం చెప్పినవాడు మా గైడ్. ఆ లోయలోనే పుట్టి పెరిగినవాడు, ముప్పై దాటి ఉంటాయి. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు. దానికి బరువుండదు. మన గాలంలో సీసపు గుండు బరువు ఎరను మోసుకుపోతుంది. ఇక్కడ బరువంతా లైనులోనే ఉంటుంది. రాడ్డును గడియారంలో పది గంటలకూ రెండు గంటలకూ నడుమ ముందుకూ వెనక్కూ ఊపాలి. వెనక్కి వెళ్ళిన లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆ ఆగడమే రాదు ఎవరికీ. నా వెనుక లైను చాచుకోకముందే ముందుకు లాగి, కొరడాలా చప్పుడు చేసి, మూడు ఫ్లైలు పోగొట్టాను. రెండు చెట్ల కొమ్మలకు, ఒకటి నా టోపీకి. 'తొందరపడకండి దీదీ, వెనక ఏం జరుగుతోందో చూడకుండా ముందుకు విసరకూడదు' అన్నాడతను. ఆ మాటను మా సాటి విలేకరి నోట్‌బుక్కులో రాసుకున్నాడు, సంపాదకీయానికి పనికొస్తుందని.

లైను పడటం వచ్చాక నదిని చదవడం మొదలైంది. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. వడిగా పోయే నీటికీ, బండ చాటున మెల్లగా తిరిగే నీటికీ నడుమ ఒక సన్నని గీత ఉంటుంది. చేప మెల్లని వైపు నిలబడి, వడి వైపు కొట్టుకొచ్చే పురుగును అందుకుంటుంది. తక్కువ కష్టానికి ఎక్కువ తిండి. మనం వేసిన ఫ్లై ఆ గీత వెంట, ఏ బంధమూ లేనట్లు, నీటితోపాటే సాగాలి. లైను దాన్ని కొద్దిగా లాగినా నీటి మీద చిన్న చార పడుతుంది. చేప దాన్ని చూసి కదలదు. మధ్యాహ్నం దాకా నా ఫ్లై వెనకల్లా ఆ చారే. విద్యుత్ అధికారి భార్య అప్పటికి నాలుగు చేపలు పట్టి, నాలుగింటినీ వదిలేశారు.

వదిలేయడమన్నది మా ఒప్పందం. అనుమతి ఉంటే నిర్ణీత సంఖ్యలో చేపలు తీసుకెళ్ళవచ్చు, కానీ మేం కొక్కేల ముళ్ళు నొక్కేసి, పట్టినవాటిని తిరిగి నీళ్ళలో వదులుదామనుకున్నాం. తినడానికి చెరువుల్లో పెంచిన ట్రౌట్ లోయలో దొరుకుతుంది. తినని చేపను పట్టడమెందుకని న్యాయవాది మిత్రుడు వాదించాడు. నొప్పిపెట్టి వదిలేయడం అహింస ఎలా అవుతుందని. ఆ ప్రశ్నకు మాలో ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. అతను మాత్రం మూడు రోజులూ రాడ్డు వదలలేదు.

సాయంత్రం నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు ప్రొఫెసర్ ఈ చేప చరిత్ర చెప్పారు. గోధుమరంగు ట్రౌట్ ఇక్కడిది కాదు, యూరప్‌ది. 1900లో బ్రిటన్ నుంచి తెచ్చిన గుడ్లతో కశ్మీరులో దాన్ని పెంచడం మొదలైంది. 1909లో కులూ లోయలోని కట్రాయిన్ దగ్గర మహిలిలో హేచరీ పెట్టి, అక్కడినుంచి బియాస్‌లోకీ దాని ఉపనదుల్లోకీ వదిలారు. దొరల వినోదం కోసం వచ్చిన చేప. ఇక్కడ అంతకుముందే ఉన్న చేపను ఇంగ్లీషువాళ్ళు స్నో ట్రౌట్ అన్నారు కానీ అది ట్రౌట్ కాదు, మన రోహు, బొచ్చెల కుటుంబానిది. వలస వచ్చిన చేప ఆ స్థానిక చేప తిండినీ చోటునూ చాలావరకు ఆక్రమించుకుంది.

మాలో ఇద్దరు విలేకరులమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు అన్నదాని మీద నడిచే రాజకీయాలే మేం రోజూ రాసేవి. అస్సాంలో 2019 నాటి పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు కనిపించకపోయినప్పుడు మేమిద్దరం గువాహటిలోనే ఉన్నాం. గైడ్ మంటలో కట్టె ఎగదోస్తూ అన్నాడు: 'మా తాత పుట్టకముందే వచ్చింది ఈ చేప. ఇక్కడే గుడ్లు పెట్టింది. మాది కాకపోతే ఇంకెవరిది?' ఆ తర్వాత తనే మళ్ళీ, 'ఆ పాత చేప కూడా మాదే. అది తగ్గిపోయిందని మా నాన్న బాధపడేవాడు' అన్నాడు. రెండు మాటల్నీ ఒకే నోట, ఒకదానితో ఒకటి రద్దు చేయకుండా చెప్పడం పార్లమెంటులో నేను ఎక్కువగా వినలేదు.

ఈ పరాయి చేపే ఈ నదిని కాపాడిన వాదనల్లో ఒకటయింది. 2000 దశకం మొదట్లో తీర్థన్ మీదా, దాని వాగుల మీదా తొమ్మిది చిన్న జలవిద్యుత్ పథకాల ప్రతిపాదనలు వచ్చాయి. నీళ్ళను సొరంగాల్లోకి మళ్ళిస్తే నది పొడవునా ఎండిన రాళ్ళు మిగులుతాయని లోయ జనం ఎదురు తిరిగారు. ముందు నిలిచినవారు బంజార్ మాజీ శాసనసభ్యుడు దిలేరామ్ శబాబ్. పదవిలో ఉన్నప్పుడు కాదు, పదవి పోయాక, వృద్ధాప్యంలో. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. 2006 నాటికి పథకాలు రద్దయ్యాయి, తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులుండవన్నది రాష్ట్ర విధానమయింది. తాగునీరు, నీటి మిల్లులు, పొలాల కాలువలు అని చెబితే ఫైళ్ళలో బరువు తూగదు. ట్రౌట్ అంటే పర్యాటకం, పర్యాటకమంటే ఆదాయం. దొర కోసం వచ్చిన చేప చివరికి ఊరి తరఫున సాక్ష్యం చెప్పింది. 2006లో ఢిల్లీలో నేనేం రాశానో వెతికి చూసుకున్నాను. లాభదాయక పదవుల వివాదం, రాజీనామాలు. తీర్థన్ పేరు ఆ ఏడాది నా రాతల్లో ఎక్కడా లేదు.

విద్యుత్ అధికారి అంతసేపూ మౌనంగా విన్నారు. తర్వాత తన వైపు మాట చెప్పారు. 'మీరందరూ మే నెలలో ఏసీ వేసుకుని నదుల గురించి రాస్తారు. ఈ రాష్ట్రానికి అడవులు నరికే హక్కు లేదు, పరిశ్రమలు రావు. ప్రాజెక్టు కడితే 12 శాతం విద్యుత్తు ఉచితంగా వస్తుంది. దాన్ని అమ్మి బడులు, ఆసుపత్రులు నడుపుతున్నారు. అన్ని లోయలూ తీర్థన్ కావాలంటే ఆ డబ్బు ఎవరిస్తారు?' ఎవరమూ సమాధానం చెప్పలేదు. ప్రశ్న న్యాయమైనదే. ఢిల్లీలో మా ఇంట్లో వెలిగే దీపంలో బియాస్ నీళ్ళు కొన్నయినా ఉంటాయి.

నేను ఆయన్ని లార్జీ గురించి అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. నెగడు వైపు చూస్తూ, గ్రిడ్ ఎలా పనిచేస్తుందో చెప్పారు. విద్యుత్తును నిల్వ పెట్టుకోవడం కష్టం. వాడకం తగ్గితే ఉత్పత్తి తగ్గించాలి. ఎక్కడో ఉన్న కేంద్రం నుంచి తగ్గించమని ఆదేశం వస్తుంది. టర్బైన్లలోకి వెళ్ళే నీళ్ళు ఆపితే, అవి వెనక నిలుస్తాయి. లార్జీ వంటి చిన్న జలాశయంలో ఎక్కువసేపు నిలవవు. గేట్లు ఎత్తాలి. 'ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. రోజూ జరిగే పని. సైరన్ మోగించడం, ఒడ్డున మనుషులున్నారేమో చూడటం కూడా రోజూ జరగాల్సిన పనే. ఆ పని జరగలేదు' అన్నారు. 2016లో హైకోర్టు నిర్లక్ష్యాన్ని నిర్ధారించి, ఒక్కో విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించమంది. విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం ఆ భారాన్ని పంచుకోవాలంది. ఆయన ఆ తీర్పు మొత్తం చదివారట. నేను అప్పటికి చదవలేదు.

రెండో రోజు ఉదయం నన్ను నది మధ్యకు తీసుకెళ్ళాడు గైడ్. నడుము దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని, అతని భుజం పట్టుకుని, పాచి పట్టిన రాళ్ళ మీద అడుగులో అడుగు వేస్తూ ఒక పెద్ద బండ దిగువకు చేరాం. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. చలి రబ్బరులోంచి ఎముకకు తగులుతోంది. నన్నక్కడ నిలబెట్టి అతను పది గజాల దూరం వెళ్ళాడు. లైను వేస్తున్నాను. మూడోసారో నాలుగోసారో ఫ్లై చార లేకుండా సాగింది. అప్పుడు నది చప్పుడు పెరిగింది.

పెరిగిందనే అనిపించింది. ఎగువ మలుపు అవతలి నుంచి, దగ్గరికి వస్తున్నట్లు. ఆలోచన ఏమీ లేదు. రాడ్డు వదిలేసి ఒడ్డు వైపు తిరిగాను. రెండడుగుల్లో కాలు జారింది, మోకాళ్ళ మీద పడ్డాను, నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. గైడ్ వచ్చి చంక కింద చెయ్యి వేసి లేపి ఒడ్డుకు చేర్చాడు. వెనక్కి చూస్తే నది ఎప్పటిలానే ఉంది. గాలి మళ్ళింది, దానితో చప్పుడూ మళ్ళింది. అంతే.

అతను నవ్వలేదు. రాడ్డును దిగువన బండ దగ్గర పట్టుకొచ్చి పక్కన పెట్టి కూర్చున్నాడు. ఒడ్డున ఒక రాయిని చూపించాడు. సగం తడి, సగం పొడి. 'నేను ప్రతి ఐదు నిమిషాలకూ ఆ గీత చూస్తుంటాను. ఇక్కడ పైన గేట్లు లేవు దీదీ. నీళ్ళు పెరిగితే ముందు రంగు మారుతుంది. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. మట్టి వాసన వస్తుంది. ఈ నది చెప్పి వస్తుంది.' కాసేపాగి, 'ఎప్పుడూ కాదు. 2023 జులైలో చెప్పినా వినే వ్యవధి ఇవ్వలేదు' అన్నాడు. ఆ వానల్లో కులూ జిల్లా ఎంత నష్టపోయిందో మనం చూశాం. సైంజ్ బజారు కొట్టుకుపోయింది, లార్జీ విద్యుత్ కేంద్రంలోకే వరద నీరు చేరింది.

నేనెందుకు భయపడ్డానో అతనికి చెప్పాను. హైదరాబాద్ అనగానే నా వైపు తిరిగి చూశాడు. 'నిన్న మీరు ఫోన్‌లో మాట్లాడుతుంటే అదే భాష అనుకున్నాను' అన్నాడు. అప్పుడతనికి ఇరవై ఏళ్ళట. లార్జీ దగ్గర మేనమామ దుకాణముంది. ఆ రాత్రి టార్చిలు పట్టుకుని ఊళ్ళవాళ్ళతోపాటు ఒడ్డు వెంట వెతికాడు. తర్వాత తల్లిదండ్రులు రావడం మొదలైంది. టీ ఇవ్వడం, ఎండలో గొడుగు పట్టడం తప్ప ఏం చేయాలో వీళ్ళకు తెలియలేదు. భాష రాదు.

'ఒక పెద్దాయన రోజూ వచ్చి నది వైపు చూస్తూ నానా, నానా అని పిలిచేవాడు. మా దగ్గర నానా అంటే తల్లి తండ్రి. వాళ్ళ తాత ఎవరో పోయారనుకున్నాం. తర్వాత ఎవరో చెప్పారు, పోయింది కొడుకని. కొడుకును తాత అని ఎందుకు పిలుస్తాడు దీదీ? పదేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను, మీ భాషవాళ్ళెవరూ దొరకలేదు.'

నాన్నా అన్నాడని చెప్పాను. మా భాషలో ఆ మాటకు తండ్రి అని అర్థమనీ, కానీ మేం పిల్లల్ని కూడా అలాగే పిలుస్తామనీ, ముద్దొచ్చినప్పుడూ బతిమాలేటప్పుడూ అన్నం తినిపించేటప్పుడూ అదే మాట అంటామనీ చెప్పాను. నా కూతురిని నేనూ అలాగే పిలుస్తానని చెప్పబోయి చెప్పలేకపోయాను. అతను 'అచ్ఛా' అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నా లైను చిక్కు విప్పి, చివర కొత్త ఫ్లై కట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం నాకొక చేప పడింది. ఒడ్డున నిలబడే వేశాను, మళ్ళీ లోతుకు వెళ్ళలేదు. బండ చాటున నీళ్ళు చిన్నగా ఉబ్బాయి, లైను బిగుసుకుంది. జానెడు కన్నా కొంచెం పెద్దది. పొడి చేత్తో ముట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి తర్వాత జబ్బు చేస్తుందని చేతులు తడుపుకోమన్నాడు గైడ్. వెన్నరంగు పొట్ట, నల్ల చుక్కలు, వాటి నడుమ ఎర్ర చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ పాలిపోయిన వలయం. కొక్కెం తీసి, తల ఎగువ వైపు ఉండేట్లు నీళ్ళలో పట్టుకున్నాను. మొప్పలు ఆడాయి. కొంతసేపటికి అరచేతిలో బలం పుంజుకుంటున్నట్లు తెలిసింది. వదిలాను. న్యాయవాది మిత్రుడి ప్రశ్న అప్పుడూ నాతోనే ఉంది. ఆ చేపకు నేను చేసింది ఉపకారం కాదు. పట్టకపోయి ఉంటే అదీ హాయిగా ఉండేది.

మూడో రోజు తిరుగు ప్రయాణం. ఔట్ దాటాక పాత రోడ్డు మీదే వెళ్దామని, తలౌట్‌లో ఆగుదామని నేనే అడిగాను. ఎవరూ ఎందుకని అడగలేదు. అక్కడ చూడటానికేమీ లేదు. కింద బియాస్ సన్నగా, ఆకుపచ్చగా, నడిచి దాటవచ్చనిపించేంత శాంతంగా ఉంది. బండలు ఎండలో పొడిగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళ వయసులో, వేసవి సెలవుల్లో, మైదానం నుంచి వచ్చిన ఎవరైనా దిగుతారు. నేనూ దిగేదాన్ని. నీళ్ళు అకస్మాత్తుగా పెరగవచ్చని హెచ్చరించే బోర్డు ఒకటి రోడ్డు పక్కన ఉంది. విద్యుత్ అధికారి ఆ బోర్డునే చాలాసేపు చూశారు. తర్వాత ఎగువ వైపు చూశారు. గైడ్ రాయిని చూసినట్లే చూశారనిపించింది.

ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. డెస్కు నుంచి సందేశాలు. ఒక రాష్ట్రంలో అధికార పక్షం ప్రతిపక్ష ఎమ్మెల్యేలతో మంతనాలు జరుపుతోందట, సాయంత్రానికి 600 మాటలు కావాలి. కారులోనే రాసిచ్చాను. శీర్షికలో గాలం అనే మాట వాడలేదు, అంతే తేడా.

ఢిల్లీ చేరాక ఆనకట్టల భద్రతా చట్టం తీసి చదివాను. 2021 డిసెంబరులో రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించిన వారమంతా నేను పార్లమెంటు వార్తలే రాశాను. 12 మంది సభ్యుల సస్పెన్షన్, గాంధీ విగ్రహం దగ్గర ధర్నా, అధికార ప్రతిపక్షాల సవాళ్ళు. బిల్లులో ఏముందో రాయలేదు. చట్టం పరిధిలోకి వచ్చే ప్రతి ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలని అందులో ఉంది. దిగువన ఉన్న మనుషులకు ముందస్తు హెచ్చరిక ఎలా చేరాలన్నది ఆ ప్రణాళికలో భాగం.

నదులను టీఎంసీలుగా తప్ప చూడటం అలవాటు లేని రాజకీయం మనది. కృష్ణా జలాల వాటా మీద నేను నాలుగు ట్రిబ్యునల్ వ్యాసాలు రాశాను. శ్రీశైలం కింద, సాగర్ కింద, జూరాల కింద గేట్లు ఎత్తే ముందు నదిలో వల వేసుకుంటున్న జాలరికి, బట్టలుతుకుతున్న మనిషికి, సెల్ఫీ దిగుతున్న పిల్లవాడికి ఆ సంగతి ఎన్ని నిమిషాల ముందు, ఏ భాషలో, ఎవరు చెబుతారన్నది ఒక్కసారీ అడగలేదు. ఈ వారం అడగడం మొదలుపెట్టాను. రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖలకూ సమాచార హక్కు కింద దరఖాస్తులు పంపాను. వచ్చిన జవాబులను, రాని జవాబులను ఇక్కడే రాస్తాను.